పాంక్రియాటైటిస్ తర్వాత అమ్మానాన్నలకి కొనే సరుకు: ఎంజైమ్ క్యాప్సూల్ నుంచి పాల ప్యాకెట్ దాకా

ఆసుపత్రి వాళ్లిచ్చే డిశ్చార్జి కాగితంలో తిండి గురించి చాలాసార్లు ఒక్క లైనే ఉంటుంది: నూనె, కొవ్వు తగ్గించండి అని. ఎంత తగ్గించాలి, ఎన్నాళ్లు తగ్గించాలి, బదులుగా ఏం పెట్టాలి అన్నది ఉండదు. ఆ ఖాళీలోకి మందుల షాపు, సూపర్ మార్కెట్, ఫోన్‌లో వచ్చే ప్రకటనలు దూరిపోతాయి. అరవై, డెబ్బై ఏళ్ల అమ్మకో నాన్నకో పాంక్రియాటైటిస్ (క్లోమం వాచే జబ్బు) వచ్చి, తగ్గి, ఇంటికి చేరిన వారంలోపే వంటగది గట్టు మీద ఎంజైమ్ క్యాప్సూళ్లు, ఎంసీటీ (మధ్యస్థ గొలుసు కొవ్వుల) నూనె సీసా, ప్రొటీన్ డబ్బా, డైజెస్టివ్ బిస్కెట్లు, షుగర్ చూసుకునే మిషను బారులు తీరతాయి. ఈ సమీక్ష ఆ గట్టు మీది సరుకు గురించే.

తీర్పు ముందే చెప్పేస్తాం. అవసరం ఉన్నవాళ్లకి ఎంజైమ్ క్యాప్సూల్ పెట్టిన డబ్బుకి న్యాయం చేసే మందు. కానీ వేసుకునే పద్ధతి తప్పితే వేసుకోనట్టే. డబుల్ టోన్డ్ పాలు, అయిదు మిల్లీలీటర్ల కొలత చెంచా, గ్లూకోమీటరు దాదాపు ప్రతి ఇంట్లో ఉండాలి. ఎంసీటీ నూనె కొద్దిమందికే పనికొస్తుంది. ప్రొటీన్ డబ్బాల్లో చాలావాటికంటే పెసరపప్పు, తెల్లసొన, వెన్న తీసిన పాలపొడి మేలు.

క్యాప్సూల్ ఎవరికి

క్లోమం నుంచి రోజూ లీటరు పైగా జీర్ణరసం పేగులోకి వస్తుంది. కొవ్వుని విడగొట్టే లైపేజ్, మాంసకృత్తుల్ని విడగొట్టే ప్రొటియేజ్, పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అందులోనే ఉంటాయి. క్లోమం బాగా దెబ్బతింటే ఈ రసం తగ్గిపోతుంది. ముందుగా కుంటుపడేది కొవ్వు అరుగుదల. విరేచనం జిడ్డుగా, పాలిపోయిన రంగులో, ఎక్కువ పరిమాణంలో, భరించలేని వాసనతో అవుతుంది. ఎంత నీళ్లు పోసినా బేసిన్‌కి అంటుకునే ఉంటుంది, లేదా తేలుతుంది. పెద్దవాళ్లు ఈ మాట పిల్లలతో చెప్పరు. గ్యాసు అంటారు, తిన్నది ఒంటపట్టడం లేదంటారు. బట్టలు వదులవుతుంటాయి. కాబట్టి సిగ్గుపడకుండా అడగాల్సింది పిల్లలే.

ఒకసారి స్వల్పంగా వచ్చి వారంలో తగ్గిపోయిన పాంక్రియాటైటిస్‌కి చాలామందిలో ఈ క్యాప్సూల్ అక్కర్లేదు. స్కాన్ రిపోర్టులో నెక్రోసిస్ (క్లోమంలో కొంత భాగం చచ్చిపోవడం) అని రాసి ఉన్నవాళ్లు, క్లోమానికి ఆపరేషన్ అయినవాళ్లు, దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ ఉన్నవాళ్లు, పైన చెప్పిన లక్షణాలున్నవాళ్లు డాక్టరు సలహాతో వాడాలి. నిర్ధారణకి మలంలో ఎలాస్టేజ్ (క్లోమం తయారుచేసే ఒక ఎంజైమ్) పరీక్ష ఉంది. గ్రాముకి 200 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే లోపం ఉందని అనుమానిస్తారు, 100 కంటే తక్కువుంటే గట్టిగా నమ్ముతారు. నమూనా నీళ్లలా ఉంటే అంకె లేనిపోని తక్కువ చూపిస్తుంది. కాబట్టి విరేచనం కాస్త గట్టిగా అయిన రోజు ఇవ్వడం మంచిది. ఈ పరీక్ష కోసం క్యాప్సూల్ ఆపనక్కర్లేదు. అది మనిషి ఎంజైమ్‌నే గుర్తుపడుతుంది, మందులోది లెక్కలోకి రాదు.

ఆ మందు పంది క్లోమం నుంచి తీసిన పాంక్రియాటిన్. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పాలి. శాకాహారులకీ ముస్లింలకీ తర్వాతెప్పుడో డబ్బా మీద చదివి తెలిస్తే మనసు కష్టపడుతుంది, మందు మధ్యలో ఆగిపోతుంది. లైపేజ్ లోపానికి దీనంత రుజువున్న మొక్కల మందు బజారులో లేదు. డాక్టరుతో, అవసరమైతే మతపెద్దతో మాట్లాడి మొదలుపెట్టడమే సబబు.

డబ్బా మీద చూడాల్సిన అంకె

క్రియాన్ వంటి పేర్లతో వచ్చే ఈ క్యాప్సూళ్ల మీద 10000, 25000 అని ఉండే అంకె మిల్లీగ్రాములు కాదు, లైపేజ్ యూనిట్లు. కొనేటప్పుడు ధరని క్యాప్సూళ్ల సంఖ్యతో భాగించి ఊరుకోకూడదు. ప్రతి పదివేల యూనిట్లకి ఎంత పడుతోందో లెక్క వేయాలి. 25000 క్యాప్సూల్ ధరని రెండున్నరతో భాగిస్తే 10000 క్యాప్సూల్‌తో పోల్చే అంకె వస్తుంది. రోజూ ఆరేడు వేసుకోవాల్సిన వాళ్లకి నెల తిరిగేసరికి ఈ తేడా పెద్దదే.

షాపులో "ఇదీ ఎంజైమే, చవక" అని చేతిలో పెట్టే గ్యాస్ సిరప్‌లు, అరుగుదల మాత్రలు దీనికి బదులు కావు. వాటిలో చాలావాటిలో ఉండేవి డయాస్టేజ్, పెప్సిన్, పపైన్. లైపేజ్ ఉండదు. కొవ్వు అరగని మనిషికి అవి ఇచ్చి లాభం లేదు. లోపల చిన్న చిన్న గుళికలు, వాటి మీద కడుపులోని ఆమ్లానికి కరగని పూత, డబ్బా మీద లైపేజ్ యూనిట్ల అంకె: ఈ మూడూ ఉంటేనే తీసుకోండి.

వేసుకునే పద్ధతి, చెడిపోయే చోట్లు

ఈ మందు రక్తంలో కలిసి పనిచేసేది కాదు. తిన్న ముద్దతో కలిసి పేగులోకి దిగి, అక్కడే పనిచేసి, అక్కడితో అయిపోతుంది. భోజనానికి అరగంట ముందు వేస్తే అన్నం కంటే ముందే వెళ్లిపోతుంది. చేయి కడుక్కున్నాక వేస్తే అన్నమే మందు కంటే ముందు వెళ్లిపోయి ఉంటుంది. చీటీలో "ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, భోజనం తర్వాత" అని అలవాటుగా రాసినప్పుడు జరిగే నష్టం ఇదే. ఒక క్యాప్సూల్ అయితే మొదటి ముద్దతో. రెండయితే ఒకటి పప్పన్నం మొదటి ముద్దతో, రెండోది చారు కలుపుకునేటప్పుడు. మన భోజనం పప్పు, కూర, చారు, పెరుగు అంటూ ఇరవై నిమిషాలు సాగుతుంది కాబట్టి ఇలా విడగొట్టడం బాగా కుదురుతుంది.

మోతాదు డాక్టరు చెప్పాలి. యూరప్ మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి మొదలుపెట్టే మోతాదు ప్రధాన భోజనానికి 40 వేల నుంచి 50 వేల యూనిట్లు, చిరుతిండికి అందులో సగం. ఇలా చూస్తే 10000 క్యాప్సూల్ పూటకొకటి చొప్పున వేసుకుంటూ "గుణం లేదు" అనేవాళ్లకి అసలు కారణం మోతాదే కావచ్చు. పైహద్దు కిలో బరువుకి రోజుకి 10 వేల యూనిట్లు. 50 కిలోల మనిషికి 5 లక్షలు. ఆ దరిదాపులకి వెళ్లే అవసరం అరుదు. సొంతంగా పెంచకండి. రెండు వారాలు చూసి, లక్షణాలు రాసుకుని, డాక్టరుకి చూపించి అడగండి.

వేడి టీతో, కాఫీతో మింగితే ఎంజైమ్ పాడవుతుంది. మామూలు నీళ్లతోనే మింగాలి. నమలకూడదు, నోట్లో నానబెట్టకూడదు. పళ్ల సెట్టు పెట్టుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. గుళికలు సెట్టు కింద చిక్కుకుంటే అక్కడ నోరు పుండవుతుంది. మింగాక ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, భోజనమయ్యాక సెట్టు తీసి పుక్కిలించాలి. మింగలేని వాళ్లకి క్యాప్సూల్ విప్పి గుళికల్ని ఒక చెంచా చల్లటి పెరుగులోనో, మెత్తగా ఉడికించి చల్లార్చిన యాపిల్ గుజ్జులోనో కలిపి వెంటనే మింగించొచ్చు. పుల్లటి మెత్తని పదార్థంలో పైపూత నిలుస్తుంది. పాలల్లో, వేడి అన్నంలో, పప్పులో కలిపితే పూత కరిగిపోయి మందు కడుపులోనే చచ్చిపోతుంది. గుళికల్ని నూరడం అసలు పనికిరాదు.

చిరుతిండికి వేయాలా అన్నది అందరికీ వచ్చే సందేహం. అరటిపండు, బత్తాయి, కొబ్బరినీళ్లు, చుక్క పాలు పోసిన టీకి అక్కర్లేదు. గ్లాసుడు పాలు, ఉప్మా, రెండు ఇడ్లీలు, గుడ్డుకి కావాలి. రాత్రి పడుకునే ముందు పాలు తాగించే అలవాటున్న ఇళ్లలో ఆ గ్లాసుకి క్యాప్సూల్ వేయడం మర్చిపోతుంటారు. తెల్లవారుజామున కడుపు ఉబ్బరం ఉంటే మొదట అక్కడ చూడండి.

దాచడం కూడా ముఖ్యమే. చాలా డబ్బాల మీద 25 డిగ్రీల లోపు ఉంచమని ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో వంటగది అల్మరాలో ఆ వేడి ఎప్పుడో దాటిపోతుంది. పొయ్యి పక్కన, టీవీ మీద, కారు డ్యాష్‌బోర్డులో పెట్టకండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, మూత బిగించి పెట్టండి. వేసవిలో ఆరు నెలలకి సరిపడా ఒకేసారి కొనకండి.

పద్ధతి, మోతాదు సరిగ్గా ఉండి కూడా గుణం లేకపోతే డాక్టరు సాధారణంగా ఆమ్లం తగ్గించే మాత్ర చేరుస్తారు. పేగులోకి దిగిన రసం మరీ పుల్లగా ఉంటే గుళికల పూత సమయానికి విడదు. పేగులో సూక్ష్మజీవులు పెరిగిపోవడం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తుంది. ఇక మందు పనిచేస్తోందని తెలిసేది విరేచనం గట్టిపడటం, బరువు నిలబడటం, ఉబ్బరం తగ్గడం ద్వారా. మలబద్ధకం కొత్తగా మొదలైతే అదీ చెప్పాలి. ఇసబ్‌గోల్, ఊక, పీచు పొడులు భోజనంతో కలిపి ఇవ్వకండి. పీచు మరీ ఎక్కువైతే ఎంజైమ్ పని మందగిస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. క్యాప్సూల్ వాడుతూ ఒక్క చుక్క నూనె లేకుండా ఉడికించి పెట్టడం పెద్దవాళ్లని చిక్కిపోయేలా చేస్తుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటపట్టాలంటే కొవ్వు కావాలి. క్యాప్సూల్ ఉన్నదే ఆ కొవ్వుని అరిగించడానికి. మొదటి వారాల్లో చాలామంది డైటీషియన్లు రోజు మొత్తం మీద 30 నుంచి 50 గ్రాముల కొవ్వు చెప్తారు. తర్వాత, తట్టుకునే కొద్దీ, మెల్లగా పెంచుతారు.

పాల ప్యాకెట్

కొవ్వు లెక్క తేలిగ్గా తగ్గేది ఇక్కడే, ఖర్చు పెరగకుండా. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు కనీసం 6 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5, వెన్న తీసిన పాలలో 0.5కి మించకూడదు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో ఫుల్ క్రీమ్ అయితే సుమారు 12 గ్రాముల కొవ్వు, డబుల్ టోన్డ్ అయితే 3. రోజుకి అరలీటరు పాలూ పెరుగూ వాడే మనిషికి ఈ ఒక్క మార్పుతో 20 గ్రాముల పైన తగ్గుతుంది. మాంసకృత్తులూ కాల్షియమూ మాత్రం తగ్గవు.

ప్యాకెట్ రంగుని నమ్మకండి, ఒక్కో డెయిరీది ఒక్కో రంగు. అక్షరాలు చదవండి. గేదె పాలు కాచి మీగడ తీసేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. మీగడతో కొంతే పోతుంది, మిగిలింది పాలలోనే ఉంటుంది. అలాగే పూర్వం మజ్జిగ అంటే కవ్వంతో చిలికి వెన్న తీసినది. ఇప్పుడు మజ్జిగ అంటున్నది నీళ్లు కలిపిన పెరుగు. దేని పెరుగు అన్నది తెలియకుండా "మజ్జిగే కదా" అనుకోకూడదు.

డబుల్ టోన్డ్ పాలతో పెరుగు పల్చగా తోడుకుంటుందని పెద్దవాళ్లు ఇష్టపడరు. లీటరు పాలకి రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి ఉండ కట్టకుండా కలిపి, కాచి, గోరువెచ్చగా ఉండగా తోడు పెడితే గట్టిగా తోడుకుంటుంది. మాంసకృత్తులూ పెరుగుతాయి.

నూనె, చెంచా, ఎంసీటీ

నూనె రకం మార్చడం కంటే కొలత మార్చడం ముఖ్యం. అయిదు మిల్లీలీటర్ల చెంచా నూనెలో నాలుగున్నర గ్రాముల కొవ్వు ఉంటుంది. అది పల్లీ నూనె అయినా, గానుగ నువ్వుల నూనె అయినా, ఆలివ్ అయినా అంతే. సీసా వంచి మూకుట్లో పోసే అలవాటున్న చేతికి లెక్క తెలియదు. ఆ మనిషికి రోజుకి మూడు చెంచాలు అని తీర్మానించుకుని, పొద్దున్నే చిన్న గిన్నెలోకి కొలిచి పెట్టుకుంటే పోపులన్నీ అందులోంచే అవుతాయి. ఇడ్లీ మీద నెయ్యి కావాలంటే ఒక చెంచా నూనె తగ్గించి ఒక చెంచా నెయ్యి వేయండి. నెయ్యి పూర్తిగా మాన్పించి ముద్ద దిగకుండా చేయడం కంటే అది నయం.

కళ్లకి కనబడని కొవ్వు చట్నీల్లో ఉంది. ముప్ఫై గ్రాముల పల్లీల్లో దాదాపు 15 గ్రాములు, అంటే మూడు చెంచాల నూనెకి సమానం. ఇడ్లీ ఆవిరిదే, పల్లీ చట్నీ మాత్రం రోజంతటి నూనెని ఒక్క గిన్నెలో తెచ్చేస్తుంది. కొబ్బరి చట్నీ కూడా అంతే. బదులుగా వేయించిన శనగపప్పు, పుదీనాతో చట్నీ, బీరపొట్టు పచ్చడి, సొరకాయ పచ్చడి, పల్చటి సాంబారు. చేపల్లో కొరమీను, రాగండి తక్కువ కొవ్వువి. పులస ఆ ఏడాదికి వదులుకోవాల్సిందే, అది నూనె చేప.

ఎంసీటీ నూనె సంగతికి వస్తే, ఇందులోని మధ్యస్థ గొలుసు కొవ్వులు విరగడానికి లైపేజ్ పెద్దగా అక్కర్లేదు, పేగు నుంచి నేరుగా కాలేయానికి వెళ్తాయి. మాట నిజమే. కానీ క్యాప్సూల్ సరిగ్గా వాడుతున్నవాళ్లకి మామూలు నూనె మీద ఇది స్పష్టమైన లాభం చూపించలేదు. క్యాప్సూల్ తగిన మోతాదులో ఇచ్చినా బరువు నిలబడనివాళ్లకి, డైటీషియన్ చెప్తేనే కొనండి. మొదలు రోజుకి ఒక చెంచా, అదీ తిండిలో కలిపి. ఒకేసారి రెండు మూడు చెంచాలు పోస్తే కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు. బాగా కాగనిస్తే పొగ చిమ్ముతుంది కాబట్టి వేపుడికి పనికిరాదు. దించిన జావలో, అన్నంలో కలపాలి. శరీరానికి తప్పనిసరైన కొవ్వు ఆమ్లాలు ఇందులో ఉండవు, అందుకని మామూలు నూనె పూర్తిగా ఆపకూడదు.

"కొబ్బరినూనె కూడా ఎంసీటీయే" అని అమ్మేవాళ్లని నమ్మకండి. కొబ్బరినూనెలో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లం పొడవైన కొవ్వుల్లాగే నడుచుకుంటుంది. ఎంసీటీ నూనెలో ఉండే రకాలు కొబ్బరినూనెలో కొద్ది భాగమే.

ప్రొటీన్ డబ్బాలు, బిస్కెట్లు

పాంక్రియాటైటిస్ నుంచి లేచిన పెద్దవాళ్లలో కండ త్వరగా కరిగిపోతుంది. కిలో బరువుకి రోజుకి కనీసం ఒక గ్రాము, కోలుకునే రోజుల్లో 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే ఈ అంకె డాక్టరుని అడగాలి. 55 కిలోల మనిషికి 66 గ్రాములు అనుకుందాం. యాభై గ్రాముల పెసరపప్పులో 12, మూడు తెల్లసొనల్లో 11, అరలీటరు డబుల్ టోన్డ్ పాలూ పెరుగులో 17, వంద గ్రాముల తోలు తీసిన కోడి రొమ్ము మాంసంలోనో కొరమీనులోనో 20, బియ్యం, రవ్వ, గోధుమల్లో 14, 15. డబ్బా లేకుండానే లెక్క దాటిపోయింది. శాకాహారులకి పప్పు 75 గ్రాములకి పెంచి, ముప్ఫై గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి పిండి, మెత్తగా ఉడికించి కూరలో వేస్తే 15 గ్రాములు చేరతాయి. ముప్ఫై గ్రాముల వెన్న తీసిన పాలపొడి జావలో కలిపితే ఇంకో 10.

పొడే కావాలంటే డబ్బా వెనక రెండు చోట్లు చూడండి. పదార్థాల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు. మొదట చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే అది తీపి పొడి, మాంసకృత్తుల పొడి కాదు. రెండోది, వంద గ్రాములకి కొవ్వెంత అన్నది. షుగరు వాళ్లకని అమ్మే కొన్ని పొడుల్లో పిండిపదార్థం తగ్గించడానికి కొవ్వు పెంచుతారు. షుగరుకి మంచిదైనది క్లోమానికి తేలికైనది అవ్వాలని లేదు.

డైజెస్టివ్ బిస్కెట్లు వద్దు. పేరుని చూసి అరుగుదలకి మంచివనుకుంటారు, వంద గ్రాముల్లో కొవ్వు 20 గ్రాముల దగ్గర ఉంటుంది. సాయంత్రం పూట మరమరాలు, వేయించిన శనగలు కొద్దిగా, ఉడికించిన చిలగడదుంప, జొన్న పేలాలు మేలు. రాగి జావ పల్చగా కాకుండా చెంచాతో తినేలా చేయండి. నీళ్లతో కడుపు నిండితే తిండి దిగదు.

రాళ్లు కరిగిస్తామనే పొడుల జోలికి పోవద్దు. పెద్దవాళ్లలో పాంక్రియాటైటిస్‌కి పిత్తాశయంలో రాళ్లు అతి సాధారణ కారణం. రాయి ఉన్నన్నాళ్లూ ఏ పథ్యమూ రెండోసారి రాకుండా కాపాడలేదు. పిత్తాశయం తీయించడం వీలైతే ఆ అడ్మిషన్‌లోనే జరగాలని వైద్యులు చూస్తారు. వాయిదా పడితే తేదీ ఖాయం చేసుకోండి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) వెయ్యి దాటి వచ్చినదైతే నూనెతో పాటు చక్కెర, పళ్లరసాలు, అన్నం పరిమాణం కూడా తగ్గాలి. మద్యం, కల్లు ఏదైనా పూర్తిగా ఆపాలి. "తాటికల్లు ఆరోగ్యం" అనే మాట ఇక్కడ చెల్లదు, అందులోనూ ఆల్కహాలే. బీడీ, చుట్ట, సిగరెట్టు విడిగానే క్లోమాన్ని దెబ్బతీస్తాయి.

గ్లూకోమీటరు

ఇది కొనకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. క్లోమం దెబ్బతింటే ఇన్సులిన్ కూడా తగ్గవచ్చు, అంతకుముందు షుగరు లేనివాళ్లకి నెలల తర్వాత బయటపడవచ్చు. క్యాప్సూల్ మొదలుపెట్టాక తిన్నది ఒంటపట్టడంతో షుగరు పెరగడం కూడా మామూలే. భయపడి క్యాప్సూల్ ఆపకండి, డాక్టరుకి అంకెలు చూపించండి. వారంలో రెండు రోజులు పరగడుపున, భోజనమయ్యాక రెండు గంటలకి చూసి రాసుకోండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష).

మిషను ఏ కంపెనీదన్నది చివరి ప్రశ్న. ముందు దాని స్ట్రిప్పులు మీ ఊళ్లో దొరుకుతాయా అని అడగండి. డబ్బా మీద ఐఎస్ఓ 15197 ప్రమాణం ఉండాలి. ఆ ప్రమాణం కూడా 15 శాతం అటూఇటూ ఒప్పుకుంటుంది, కాబట్టి 180కీ 190కీ తేడా పట్టించుకోనక్కర్లేదు. మామిడిపండు తిన్న చేత్తో చూస్తే మిషను పండు తీపిని చెప్తుంది. సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే గుచ్చాలి.

ఈ రకం షుగరులో ఇన్సులిన్‌తో పాటు, పడిపోయిన షుగరుని పైకి లేపే గ్లూకగాన్ కూడా తగ్గుతుంది. అందుకే ఇన్సులిన్ మీదున్నవాళ్లకి హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఎక్కువ. 70 కంటే తగ్గితే మూడు చిన్న చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూడాలి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, రంజాన్ ఉపవాసాలు డాక్టరుతో మాట్లాడకుండా ఉండనివ్వకండి. రోజంతా ఖాళీ కడుపు, రాత్రికి పులిహోర, గారెలు: ఇది వాళ్ల క్లోమానికి రెండు వైపులా దెబ్బ. పాత షుగరు మందుల చీటీ కూడా ఒకసారి చూపించండి. పాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లకి గ్లిప్టిన్ రకం మాత్రలు కొనసాగించాలా వద్దా అన్నది డాక్టరు కొత్తగా తేల్చాలి.

డైట్ భోజనం డెలివరీ

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో, అమ్మానాన్నలు ఇక్కడ ఒంటరిగా ఉన్న ఇళ్లకి ఇది నిజంగా ఆసరా. అయితే షుగర్ డైట్, వెయిట్‌లాస్ డైట్ పేర్లతో వచ్చేవి వీళ్లకి సరిపడవు. మొదటిదానిలో బాదం, పనీర్, గింజలు, రెండోదానిలో పచ్చి కూరగాయల సలాడ్లు ఉంటాయి. డబ్బు కట్టే ముందు మూడు అడగండి: మనిషికి రోజుకి ఎన్ని మిల్లీలీటర్ల నూనె, పెరుగు ఏ పాలది, ఒక పెద్ద పూట భోజనాన్ని రెండు చిన్న డబ్బాలుగా పంపగలరా. మొదటి ప్రశ్నకి "చాలా తక్కువ వేస్తామండీ" అని మాత్రమే జవాబు వస్తే వద్దు. అంకె చెప్పినవాళ్ల దగ్గర వారానికే కట్టి చూడండి. తిన్నాక డబ్బా అడుగున నూనె మిగిలిందేమో అమ్మని ఫోనులో అడిగితే మిగతాది తెలిసిపోతుంది.

ఈ సరుకుతో పాటు ఒక నోటుబుక్కు పెట్టండి. వారానికి ఒకసారి అదే తూకం మీద, అదే వేళకి బరువు, రోజుకి ఎన్నిసార్లు విరేచనం, జిడ్డు ఉందా లేదా, క్యాప్సూళ్లు ఎన్ని. నెలలో రెండు కిలోలు తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. బొడ్డు పైన మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఆగని వాంతులు, జ్వరం, కళ్లు పచ్చబడటం వస్తే తినడానికేమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయండి, ఆ నోటుబుక్కూ మందుల డబ్బాలూ సంచిలో వేసుకుని వెళ్లండి.